పాత ఉద్యోగాల పీఎఫ్ ఖాతాలు ఒక్కచోటికి: దరఖాస్తు తిరిగి రాకుండా బదిలీ చేసుకునే పద్ధతి

పాత కంపెనీ పీఎఫ్‌ను కొత్త ఖాతాలోకి ఎలా మార్చుకోవాలని అడిగేవారిలో ఎక్కువమంది అప్పటికే ఒకసారి ప్రయత్నించి, దరఖాస్తు తిరస్కరించారని విసిగిపోయినవారే. "అన్నీ సరిగ్గానే నింపాను" అంటారు. నిజమే, నింపడంలో తప్పు ఉండదు. నింపడానికి ముందు చేయాల్సిన పని చేయకపోవడంలోనే ఉంటుంది.

దరఖాస్తు పంపడం ఈ పనిలో చిట్టచివరి మెట్టు. దానికి పది నిమిషాలు చాలు. మీ పేరు, పుట్టిన తేదీ, ఉద్యోగంలో చేరిన తేదీ, మానేసిన తేదీ అన్ని రికార్డుల్లో ఒకేలా ఉండేట్టు చూసుకోవడమే అసలు పని. దానికి ఒక్కోసారి రెండు నెలలు పడుతుంది. కింది క్రమం ఆ లెక్కతోనే రాశాను. వరుస తప్పించకండి.

ఇదంతా ఈపీఎఫ్ (ఉద్యోగుల భవిష్య నిధి) ఉన్న ఉద్యోగుల కోసం. ఎన్‌పీఎస్ (జాతీయ పెన్షన్ పథకం) ఉన్నవారికి ఉద్యోగం మారినా వారి ఖాతా నంబరైన ప్రాన్ మారదు కాబట్టి ఈ తంటా లేదు.

## 1. యూఏఎన్ వేరు, మెంబర్ ఐడీ వేరు

"నాకు యూఏఎన్ ఒకటే ఉంది, డబ్బంతా అందులోనే ఉంటుంది కదా?" ఉండదు. చాలామంది ఇక్కడే పొరబడతారు.

యూఏఎన్ (యూనివర్సల్ అకౌంట్ నంబర్) అనేది 12 అంకెల నంబరు. 2014 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చింది. ఉద్యోగం ఎన్నిసార్లు మారినా ఇది ఒక్కటే ఉండాలి. మెంబర్ ఐడీ మాత్రం ప్రతి కంపెనీలోనూ కొత్తగా పుడుతుంది. అక్షరాలు, అంకెలు కలిపి 22 ఉంటాయి. హైదరాబాద్ ప్రాంతంలో పాతకాలంలో చేరినవారి ఐడీలు ఏ, పీ, హెచ్, వై, డీ అనే ఆంగ్ల అక్షరాలతో మొదలవుతాయి. డబ్బు జమయ్యేది మెంబర్ ఐడీలో. యూఏఎన్ ఆ ఐడీలన్నింటినీ ఒక దారానికి గుచ్చుతుందంతే, వాటిలోని సొమ్మును కలపదు. కలపమని మీరు అడగాలి.

ఉద్యోగం మారగానే సొమ్ము దానంతట అదే బదిలీ అయ్యే ఏర్పాటు కూడా ఉంది. కొత్త కంపెనీలో మొదటి నెల జమ పడ్డాక అది మొదలవుతుంది. అయితే ఆధార్ వివరాలు, పాత కంపెనీ వివరాలు అన్నీ పొసిగితేనే జరుగుతుంది. జరిగిందనుకుని ఊరుకోకుండా పాస్‌బుక్ తెరిచి చూడండి.

## 2. బదిలీయా, విత్‌డ్రాయా?

నా సలహా బదిలీయే. నిజంగా అవసరం ముంచుకొస్తే తప్ప విత్‌డ్రా జోలికి పోవద్దు. పాత ఖాతా చిన్నది కదా, తీసేసి ఫోను కొనుక్కుందాం అనుకునేవారికి ఈ లెక్క.

మీ వాటా జీతంలో 12 శాతం, కంపెనీ వాటా కూడా 12 శాతం. కంపెనీ కట్టే ఆ 12లో 8.33 పెన్షన్ పథకానికి పోతుంది. అదీ 15,000 రూపాయల జీతం మీద లెక్కగట్టి, అంటే నెలకు గరిష్ఠంగా 1,250 రూపాయలు. నెలనెలా పెన్షన్ రావాలంటే కనీసం 10 సంవత్సరాల సర్వీసు ఉండాలి.

ఒకరు మొదటి కంపెనీలో 6 సంవత్సరాలు, రెండో కంపెనీలో 5 సంవత్సరాలు పనిచేశారనుకుందాం. విడివిడిగా చూస్తే ఏదీ పదికి చేరదు. కలిపితే 11. పెన్షన్ సూత్రం ప్రకారం 15,000ను 11తో గుణించి 70తో భాగిస్తే నెలకు సుమారు 2,357 రూపాయలు వస్తుంది. 58 ఏళ్లు నిండినప్పటి నుంచి జీవితాంతం, ఆ తర్వాత జీవిత భాగస్వామికి కొంత. గొప్ప మొత్తమేమీ కాదు. కానీ మొదటి కంపెనీ పెన్షన్ సొమ్మును మధ్యలో తీసేసుకుంటే ఆ ఆరేళ్లూ లెక్కలోంచి ఎగిరిపోతాయి.

పన్ను సంగతి కూడా ఉంది. వరుసగా 5 సంవత్సరాల సర్వీసు నిండకుండా తీసుకుంటే ఆ సొమ్ము మీద పన్ను పడుతుంది. 50,000 రూపాయలు, ఆపైన అయితే పాన్ ఉన్నా 10 శాతం ముందే కోస్తారు. బదిలీ చేసుకుంటే పన్ను లేదు, పాత కంపెనీలోని ఏళ్లు కూడా ఆ ఐదేళ్ల లెక్కలోకి వస్తాయి.

పాత ఖాతాను అలాగే వదిలేస్తే మూడేళ్ల తర్వాత వడ్డీ ఆగిపోతుందని ఇప్పటికీ చెప్పుకుంటారు. అది పాత మాట. ఉద్యోగం మానేసినవారికి 58 ఏళ్లు వచ్చేవరకు వడ్డీ పడుతూనే ఉంటుంది. శాశ్వతంగా విదేశాలకు వెళ్లిపోయినవారి సంగతి వేరు. కాబట్టి కంగారుపడి తప్పుల తడకగా దరఖాస్తు పంపేకంటే ఒక నెల ఆలస్యమైనా సరిచూసుకుని పంపడమే మేలు.

## 3. ముందు ఒక నోటు పుస్తకం తీయండి

కంప్యూటర్ ముందు కూర్చోకముందే ఇవి పోగేయండి:

- ప్రతి కంపెనీలో ఒక్కటైనా జీతం చీటీ (పీఎఫ్ నంబరు దానిమీదే ఉంటుంది)
- నియామక పత్రం, రిలీవింగ్ లెటర్
- ఆధార్, పాన్, పదో తరగతి మెమో
- బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ లేదా క్యాన్సిల్ చేసిన చెక్కు
- ఆధార్‌కు అనుసంధానించిన సిమ్ ఉన్న ఫోను

తర్వాత పీఎఫ్‌ను నిర్వహించే ప్రభుత్వ సంస్థ ఈపీఎఫ్‌ఓ సభ్యుల పోర్టల్‌లోకి వెళ్లి, 'వ్యూ' కింద 'సర్వీస్ హిస్టరీ' తెరవండి. నోటు పుస్తకంలో ఒక్కో కంపెనీకి ఒక్కో వరుస గీసి, మెంబర్ ఐడీ, చేరిన తేదీ, మానేసిన తేదీ రాయండి. తర్వాత ఒక్కో మెంబర్ ఐడీ పాస్‌బుక్ విడిగా తెరిచి, దానిమీద అచ్చయిన పేరు, పుట్టిన తేదీ, నిల్వ కూడా రాసుకోండి. రిలీవింగ్ లెటర్‌లోని తేదీని పక్కనే ఇంకో రంగు పెన్నుతో రాయండి. ఎక్కడ రెండు రంగులు కలవవో అక్కడే మీ దరఖాస్తు ఆగబోతోంది.

విదేశాల్లో ఉన్నవారికి ఒక మాట. ఓటీపీలన్నీ ఆధార్‌కు కలిపిన భారతీయ నంబరుకే వస్తాయి. ఆ సిమ్‌ను రీఛార్జి చేయక పోగొట్టుకుంటే, సెలవులకు ఊరొచ్చినప్పుడు ఆధార్ కేంద్రానికి వెళ్లి నంబరు మార్చుకోవడమే మొదటి పని అవుతుంది.

## 4. పేరు, పుట్టిన తేదీ: మనవాళ్ల ప్రత్యేక సమస్య

తెలుగువారి పేర్లతో పీఎఫ్‌కు ఉన్న పేచీ ఇంటిపేరు దగ్గర మొదలవుతుంది. పదో తరగతి మెమోలో 'పి.వి. సత్యనారాయణ', పాన్ కార్డులో 'పోలిశెట్టి వెంకట సత్యనారాయణ', ఆధార్‌లో 'సత్యనారాయణ పోలిశెట్టి', మొదటి కంపెనీ గుమాస్తా నమోదు చేసినది 'సత్యనారాయణ పి'. నలుగురూ ఒకరేనని ఇంట్లోవాళ్లకు తెలుసు, కంప్యూటర్‌కు తెలియదు. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న స్త్రీలకు ఇది రెట్టింపు తలనొప్పి. పాత కంపెనీలో తండ్రి పేరు, కొత్త కంపెనీలో భర్త పేరు ఉండటం కూడా మామూలే.

పుట్టిన తేదీ విషయంలో ఇంకో చిక్కు. తేదీ తెలియక జనవరి 1 అని వేయించుకున్న ఆధార్ కార్డులు మన ఊళ్లలో కొల్లలు. మెమోలో వేరే తేదీ ఉంటుంది.

సరిదిద్దే వరుస ఇది:

1. ముందు ఆధార్ సరిగ్గా ఉందో లేదో తేల్చుకోండి. తప్పుంటే అక్కడ దిద్దించుకోండి. ఆధార్‌లో పేరును రెండుసార్లు, పుట్టిన తేదీని ఒక్కసారి మాత్రమే మార్చుకోనిస్తారు కాబట్టి తొందరపడకండి.
2. తర్వాత పాన్‌ను ఆధార్‌తో సరిపోల్చి, తేడా ఉంటే పాన్ దిద్దించండి.
3. ఆ తర్వాతే పీఎఫ్ రికార్డు. పోర్టల్‌లో 'మేనేజ్' కింద, వివరాలు దిద్దమని కోరే 'జాయింట్ డిక్లరేషన్' ఉంటుంది.

మీ యూఏఎన్ 2017 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టి, ఆధార్‌తో ధ్రువీకరించి ఉంటే పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, వైవాహిక స్థితి వంటివి కంపెనీ ఆమోదం లేకుండా మీరే దిద్దుకోవచ్చు. 2025 జనవరి నుంచి ఈ వెసులుబాటు ఉంది. అంతకుముందు నాటి యూఏఎన్ అయితే మీ దరఖాస్తు కంపెనీకి వెళ్లి, అక్కడ ఆమోదం పొందాక పీఎఫ్ కార్యాలయానికి చేరుతుంది.

ఈ వరుసను తలకిందులు చేసి, తప్పున్న ఆధార్‌కు తగ్గట్టు పీఎఫ్ మార్చి, తర్వాత ఆధార్ దిద్దుకున్నవారిని చూశాను. వాళ్లు మళ్లీ మొదటికొచ్చారు.

బ్యాంకు వివరాలు కూడా ఇక్కడే చూసుకోండి. బదిలీలో డబ్బు బ్యాంకుకు రాకపోయినా కేవైసీలో (మీ గుర్తింపు వివరాల నమోదులో) సరైన ఖాతా ఉండాల్సిందే. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017లోనే ఎస్‌బీఐలో కలిసింది. మొదటి ఉద్యోగం నాటి జీతం ఖాతా ఈ బ్యాంకుల్లో ఉంటే, పీఎఫ్ రికార్డులో పాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ ఇంకా అలాగే కూర్చుని ఉండవచ్చు.

## 5. మానేసిన తేదీ

పాత కంపెనీ 'డేట్ ఆఫ్ ఎగ్జిట్' నమోదు చేయకపోతే బదిలీ కదలదు. ముందు కంపెనీ హెచ్‌ఆర్‌కు మెయిల్ పంపండి. స్పందన లేకపోతే మీరే నమోదు చేసుకోవచ్చు: 'మేనేజ్' కింద 'మార్క్ ఎగ్జిట్'. ఆధార్ ఓటీపీ వస్తుంది. ఆ కంపెనీ చివరి జమ పడి రెండు నెలలు దాటాకే ఇది తెరుచుకుంటుంది. చివరి జమ పడిన నెలలోని తేదీనే ఇవ్వాలి.

ఇక్కడ చేసే తప్పులు రెండు.

మొదటిది కారణం. జాబితాలో రిటైర్మెంట్ కూడా కనిపిస్తుంది. ఉద్యోగం మారినవారు దాన్ని ఎంచుకోకూడదు. మామూలుగా ఉద్యోగం మానేసినట్టు సూచించే కారణాన్నే ఎంచుకోండి.

రెండోది ఒకదానిమీద ఒకటి పడే తేదీలు. మీరు 20వ తేదీన మానేసి 22న కొత్తచోట చేరారు. పాత కంపెనీ గుమాస్తా అలవాటు ప్రకారం నెలాఖరు తేదీ, 31, వేశాడు. రికార్డు ప్రకారం మీరు పది రోజులు రెండు చోట్లా పనిచేసినట్టు! ఈ ఒక్క కారణంతో దరఖాస్తు తిరస్కరించకూడదని 2025 మే నెలలో పీఎఫ్ కార్యాలయాలకు ఆదేశాలు వెళ్లాయి. అయినా రిలీవింగ్ లెటర్ చేతిలో ఉంటే తేదీ దిద్దించుకోవడమే నయం. ఒకసారి మీ చేత్తో నమోదు చేసిన తేదీ తర్వాత సులువుగా మారదు, నొక్కేముందు లెటర్ చూసి నొక్కండి.

## 6. బదిలీ దరఖాస్తు

ఇక కూర్చోండి. ముందు ఇది సరిచూసుకోండి:

- యూఏఎన్ యాక్టివేట్ అయింది
- ఆధార్, పాన్, బ్యాంకు మూడూ ధ్రువీకరించినట్టు కనిపిస్తున్నాయి
- పాత మెంబర్ ఐడీలన్నింటికీ మానేసిన తేదీ ఉంది
- ప్రస్తుత కంపెనీలో కనీసం ఒక నెల జమ పడింది

ఇప్పుడు:

1. 'ఆన్‌లైన్ సర్వీసెస్'లో 'వన్ మెంబర్ – వన్ ఈపీఎఫ్ అకౌంట్' తెరవండి.
2. పైన మీ వివరాలు, ప్రస్తుత మెంబర్ ఐడీ వస్తాయి. సొమ్ము చేరేది ఇక్కడికే. తప్పుంటే అక్కడితో ఆపేయండి.
3. ధ్రువీకరణ ఎవరిద్వారా అని అడిగితే ప్రస్తుత కంపెనీని ఎంచుకోండి. రోజూ వెళ్లే ఆఫీసులో హెచ్‌ఆర్‌ను పట్టుకోవడం తేలిక. 2025 జనవరి తర్వాత చాలా దరఖాస్తులకు అసలు కంపెనీ ఆమోదమే అక్కర్లేదు.
4. పాత మెంబర్ ఐడీ లేదా యూఏఎన్ ఇచ్చి వివరాలు రప్పించండి. ఏ ఖాతా నుంచి తేవాలో గుర్తు పెట్టండి.
5. ఓటీపీ ఇచ్చి పంపండి. దరఖాస్తు నంబరు నోటు పుస్తకంలో రాసుకోండి.

మూడు పాత ఖాతాలుంటే మూడు దరఖాస్తులు. అన్నీ నేరుగా ప్రస్తుత ఖాతాకే. మొదటిదాన్ని రెండోదానిలోకి, రెండోదాన్ని మూడోదానిలోకి గొలుసుకట్టుగా తేవద్దు. ఒకవేళ మొదటిది ఎప్పుడో రెండోదానిలో కలిసిపోయి ఉంటే, రెండోదానికి మాత్రమే దరఖాస్తు చాలు. పాస్‌బుక్ చూస్తే తెలుస్తుంది.

ఈ పని ఎక్కడా రుసుము లేనిది. ఓటీపీ చెప్పండి చాలు, మేం చూసుకుంటాం అనే ఏజెంట్‌కు చెప్పకండి.

## 7. రెండు యూఏఎన్‌లు ఉంటే

కొత్త కంపెనీలో చేరినప్పుడు పాత యూఏఎన్ చెప్పకపోతే ఇలా అవుతుంది. ప్రస్తుత యూఏఎన్‌తో లాగిన్ అయి, పైన ఆరో భాగంలోని 4వ అంకె దగ్గర పాత యూఏఎన్‌ను గానీ దాని మెంబర్ ఐడీని గానీ ఇవ్వండి. సొమ్ము వచ్చాక పాత యూఏఎన్ మూతపడుతుంది.

ఇందులో డబ్బుకంటే పెద్ద చిక్కు పెన్షన్‌ది. 2014 సెప్టెంబరు 1 తర్వాత 15,000 రూపాయలకు మించిన జీతంతో మొదటిసారి పీఎఫ్‌లో చేరినవారికి పెన్షన్ పథకం వర్తించదు. మీరు పాత సభ్యులైనా కొత్త యూఏఎన్ పుట్టినందువల్ల కొత్తవారిగా లెక్కగట్టి, పెన్షన్ వాటా ఆపేసే ప్రమాదం ఉంది. ఉద్యోగంలో చేరే రోజున సంతకం పెట్టించుకునే కాగితాల బొత్తిలో ఫారం 11 ఉంటుంది. గతంలో పెన్షన్ పథకంలో సభ్యులా అని అందులో అడుగుతారు. చదవకుండా సంతకం పెట్టకండి.

## 8. యూఏఎన్ లేని పాత ఖాతా, మూతపడిన కంపెనీ, ట్రస్టు

2014కు ముందటి ఖాతా: పాత జీతం చీటీలోని పీఎఫ్ నంబరే ఆధారం. అదీ లేకపోతే ఈపీఎఫ్‌ఓ వెబ్‌సైట్‌లో సంస్థల జాబితాలో కంపెనీ కోడ్ వెతికి, ఆ వివరాలతో సంబంధిత పీఎఫ్ కార్యాలయానికి వెళ్లాలి. అప్పట్లో హైదరాబాద్‌లో పనిచేసినవారు బర్కత్‌పుర కార్యాలయం పేరు విని ఉంటారు. ప్రతి నెలా 27న జిల్లాల్లో జరిగే 'నిధి ఆప్కే నికట్' శిబిరానికి కాగితాలతో వెళితే ఎదురుగా కూర్చుని మాట్లాడవచ్చు.

మూతపడిన కంపెనీ: సంతకం పెట్టేవారు లేరని వదిలేయకండి. గెజిటెడ్ అధికారి, నోటరీ వంటివారి ధ్రువీకరణతో జాయింట్ డిక్లరేషన్‌ను పీఎఫ్ కార్యాలయంలో ఇవ్వవచ్చు. నియామక పత్రం, జీతం చీటీలు జతచేయండి.

సొంత ట్రస్టు ఉన్న కంపెనీ: కొన్ని పెద్ద కంపెనీలు పీఎఫ్‌ను తామే నిర్వహిస్తాయి. అప్పుడు సొమ్ముతో పాటు 'అనెగ్జర్ కె' అనే పత్రం కూడా ట్రస్టు నుంచి రావాలి. మీ సర్వీసు వివరాలు అందులోనే ఉంటాయి. సొమ్ము వచ్చి పత్రం రాకపోతే పెన్షన్ సర్వీసు లెక్కలో చేరదు, ట్రస్టు వెంటపడాల్సిందే.

## 9. తిరిగొస్తే ఏం చేయాలి

'ట్రాక్ క్లెయిమ్ స్టేటస్'లో కారణం రాసి ఉంటుంది. అదే దరఖాస్తును మళ్లీ మళ్లీ పంపడం వల్ల ప్రయోజనం లేదు. కారణాన్ని బట్టి వెనక్కి వెళ్లండి:

- పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు కలవలేదు: నాలుగో మెట్టు
- మానేసిన తేదీ లేదు, లేదా చేరిన తేదీతో ఢీకొంటోంది: ఐదో మెట్టు
- కంపెనీ ఆమోదం పెండింగ్: హెచ్‌ఆర్‌కు దరఖాస్తు నంబరుతో మెయిల్
- అనెగ్జర్ కె అందలేదు: పాత ట్రస్టుకు లేఖ

అన్నీ సరిగ్గా ఉన్నా 20 రోజులు దాటి కదలిక లేకపోతే ఈపీఎఫ్‌ఓ ఫిర్యాదుల పోర్టల్‌లో రాయండి. ఆవేశం వద్దు. దరఖాస్తు నంబరు, తేదీ, రెండు మెంబర్ ఐడీలు, ఒక్క వాక్యంలో సమస్య. అంతకు మించి రాస్తే అసలు సంగతి కొట్టుకుపోతుంది.

## 10. సొమ్ము వచ్చాక

బదిలీ అయినట్టు సందేశం రాగానే పని ముగిసిందనుకోవద్దు.

- పాత పాస్‌బుక్‌లోని ఉద్యోగి వాటా, కంపెనీ వాటా కొత్త పాస్‌బుక్‌లో విడివిడిగా పడ్డాయో లేదో చూడండి.
- పెన్షన్ గడిలో సున్నా కనిపిస్తే గాభరా పడకండి. పెన్షన్ పథకంలో సొమ్ము కాకుండా సర్వీసు బదిలీ అవుతుంది.
- అనెగ్జర్ కె దింపుకుని, అందులోని సర్వీసు కాలాన్ని మీ రిలీవింగ్ లెటర్లతో పోల్చండి. సర్వీసు లేని రోజులు అని చూపిన అంకె అనుమానంగా ఉంటే అప్పుడే అడగండి.
- ఈ-నామినేషన్ తెరిచి చూడండి. కుటుంబం లేదని పెళ్లికి ముందు చేసిన నామినేషన్ పెళ్లి తర్వాత చెల్లదు.

నెల తర్వాత పాత పాస్‌బుక్‌ను మరొక్కసారి చూడండి. నా మొదటి ఖాతాను మార్చుకున్నప్పుడు నిల్వ సున్నా అయిందని తృప్తిపడ్డాను. ఏడాది తర్వాత వేరే పనిమీద తెరిస్తే అందులో పద్దెనిమిది వందల చిల్లర కనిపించింది. ఆ కంపెనీ నా చివరి నెల జమను ఆలస్యంగా, బదిలీ జరిగిపోయాక కట్టింది. మళ్లీ ఆరో మెట్టు నుంచి ఇంకో దరఖాస్తు పెట్టాను. ఈసారి వివరాలన్నీ ముందే సరిపోయి ఉన్నాయి కాబట్టి ఒక్క ప్రశ్నా లేకుండా వచ్చేసింది.